ముందు నీళ్ళు, తర్వాతే స్పిరిట్

జూలైలో ఒక శనివారం రాత్రి, విశాఖ బీచ్ రోడ్‌లో సముద్రానికి ఎదురుగా వేసిన స్టేజీ మీద రెండు గంటలు బేస్ గిటార్ వాయించాను. గాలి తెరలు తెరలుగా మొహానికి కొడుతూనే ఉంది. మధ్యలో పావుగంట బ్రేక్ ఇస్తే దిగి, నిప్పుల మీద కాల్చి ఉప్పూ కారం నిమ్మచెక్కా రుద్దిన మొక్కజొన్న పొత్తు తిన్నాను. చేతులు ప్యాంటుకి తుడుచుకుని మళ్ళీ ఎక్కాను. అయిపోయేసరికి పదకొండు దాటింది. గిటార్‌ని ఉన్నదున్నట్టు బ్యాగులో పెట్టి జిప్పు లాగేశాను. తర్వాత వారమంతా ఆఫీసు పనితో దాని మొహం చూడలేదు.

మళ్ళీ శనివారం జిప్పు తీస్తే ముందు వాసన వచ్చింది. వానలో తడిసిన సైకిల్ చైన్ వాసన. ఆ తర్వాత కనిపించింది: నాలుగు తీగల మీదా, సరిగ్గా నా కుడిచేతి వేళ్ళు ఆనే చోట, గోధుమరంగు పొడి.

మా డ్రమ్మర్‌కి ఫోన్ చేశాను.

"గురూ, ఈ స్ట్రింగ్ పోయింది."

"ఏ స్ట్రింగ్?"

"ఏ కాదు, ఈ."

"అదే, ఏది?"

తీగల పేర్లేమో E, A లాంటి ఇంగ్లీషు అక్షరాలు. తెలుగులో బేస్ గిటార్ గురించి మాట్లాడుకోవడంలో ఉన్న కష్టం ఇది. అందుకని ఇక్కడ లావు తీగ, రెండోది, మూడోది, సన్న తీగ అని చెప్పుకుందాం. మాస్టార్లు సన్నం వైపు నుంచి లెక్కపెడతారని తెలుసు. వాళ్ళ దగ్గర వాళ్ళ లెక్క, ఇక్కడ నాది.

బేస్ తీగల్ని శుభ్రం చేసుకోవాలన్న ఆలోచన ఎందుకొస్తుందో మామూలు గిటార్ వాళ్ళకి అర్థం కాదు. వాళ్ళ సెట్టు అయిదారు వందలకి దొరుకుతుంది, పాడైతే పారేస్తారు. బేస్ సెట్టు మామూలుదైనా రెండు వేలు దాటుతుంది. ఆదివారం చర్చిలో వాయించి, పెళ్ళిళ్ళ సీజన్లో రిసెప్షన్లకి వాయించే నాలాంటివాడు నెలనెలా కొత్త సెట్టు వేయలేడు. అందుకే బేస్ వాయించేవాళ్ళందరికీ ఏదో ఒక వంటింటి వైద్యం తెలిసి ఉంటుంది. కొందరు నీళ్ళలో ఉడకబెట్టమంటారు, కొందరు వెనిగర్ కలపమంటారు, కొందరు రాత్రంతా స్పిరిట్‌లో నానబెట్టమంటారు. ఈ వైద్యాల్లో చాలావరకు పొడి ఊళ్ళలో పుట్టినవి. విశాఖలో అవి ఉన్నవి ఉన్నట్టు పనిచేయవని నా వాదన. ఆ తెలివి నాకు ఒక సెట్టు తీగలు నాశనం చేసుకున్నాకే వచ్చింది.

ఆ రోజు నేను ఎంచుకున్నది వెనిగర్. తీగలు విప్పి చుట్టలు చుట్టి, స్టీలు గిన్నెలో బోరు నీళ్ళు పోసి, అరకప్పు వెనిగర్ వేసి పొయ్యి మీద పెట్టాను. అమ్మ ముక్కు మూసుకుని వచ్చింది. "ఏట్రా ఇది? నూడుల్సా?" అంది. సంగతి చెప్పాను. "ఆ మాత్రందానికి ఇంత కంపెందుకురా, కాస్త చింతపండు రుద్దితే పోదా?" అంది. ఇత్తడి బిందెకి, రాగి చెంబుకి తరతరాలుగా సాగిన వైద్యం అది, తప్పేం లేదు. అక్కడ పులుపు పైన పట్టిన నల్లటి పొరని కరిగిస్తుంది, కింద ఉన్న ఇత్తడిని పెద్దగా ముట్టుకోదు. ఉక్కు సంగతి వేరు. పులుపు తుప్పునీ తింటుంది, దాని కింద ఉన్న ఉక్కునీ తింటుంది. వెనిగర్‌కీ చింతపండుకీ ఈ విషయంలో తేడా లేదు, వాసనలోనే తేడా.

పది నిమిషాలు ఉడికాక నీళ్ళు టీ రంగుకి వచ్చాయి. తీగలు తళతళలాడాయి. తుడిచి, ఫ్యాన్ కింద రాత్రంతా ఆరబెట్టి, ఆదివారం పొద్దున బిగించాను. నిజం చెప్పాలి, ఆ రోజు చర్చిలో మోగినట్టు అవి కొన్న రోజు కూడా మోగలేదు. పియానో లావు తీగలా ఖంగుమన్నాయి. బుధవారం చూస్తే మళ్ళీ తుప్పు. ఈసారి గోధుమరంగు కూడా కాదు, నారింజ. కుడిచేయి ఆనే చోట మాత్రమే కాదు, తీగ పొడుగునా.

అసలు తీగ ఎందుకు మూగబోతుందో తెలిస్తే గానీ ఏ వైద్యం దేనికో తెలియదు. బేస్ తీగ ఒంటి తీగ కాదు. లోపల ఉక్కు తీగ ఒకటి ఉంటుంది, దాని చుట్టూ ఇంకో తీగని స్ప్రింగులా దగ్గర దగ్గరగా చుడతారు. లావు తీగ మందం అంగుళంలో 105 వేల వంతులు, అంటే దాదాపు 2.7 మిల్లీమీటర్లు. చుట్లకీ చుట్లకీ మధ్య సందులుంటాయి. మన వేళ్ళ జిడ్డు, చెమట, ఊడిన చర్మపు పొట్టు వెళ్ళి ఆ సందుల్లో చేరతాయి. తీగ ఒక చోట బరువుగా, ఒక చోట తేలిగ్గా తయారవుతుంది. పైగా ఆ మురికి కదలికని మింగేస్తుంది. ముందు పోయేది పైస్థాయి నాదం, ఆ ఖంగుమనే అంచు. తర్వాత శ్రుతి పోతుంది. గిటార్ మెడ మీద అడ్డంగా ఉండే లోహపు మెట్లే ఫ్రెట్లు. పన్నెండో ఫ్రెట్ మీద వేలు ఆనించీ ఆనించకుండా మీటితే వచ్చే స్వరమూ, అదే ఫ్రెట్ దగ్గర గట్టిగా నొక్కి మీటితే వచ్చే స్వరమూ శ్రుతి చూసే ట్యూనర్‌లో ఒకటే చూపించాలి. ముందు సరిగా సెట్ చేసి ఉన్న గిటార్‌లో ఇప్పుడు చూపించడం లేదంటే తీగకి వయసైపోయింది.

ఇది మురికి జబ్బు. ఉడకబెట్టడం, స్పిరిట్‌లో నానబెట్టడం దీనికే పనిచేస్తాయి. తుప్పు ఇంకో జబ్బు. మామూలు తీగల్లో పైచుట్టు ఉక్కుదే, దాని మీద నికెల్ పూత ఉంటుంది. ఫ్రెట్ల మీద రాసుకుని రాసుకుని పూత ఎక్కడ చిరిగితే అక్కడ ఉక్కు బయటపడుతుంది. తడి తగిలితే నికెల్ పక్కన ఉన్న ఉక్కు, ఒంటరిగా ఉన్న ఉక్కు కంటే త్వరగా తుప్పు పడుతుంది. రెండు లోహాలు, మధ్యలో ఉప్పునీళ్ళు, చిన్న బ్యాటరీ తయారైనట్టే. ఆ బ్యాటరీలో కరిగిపోయేది ఉక్కే.

విశాఖలో ఆ ఉప్పునీళ్ళకి కరువు లేదు. మామూలు ఉప్పు గాలిలో తేమ 75 శాతం దాటితే నీరు పీల్చి తానే నీరవుతుంది. వానాకాలంలో ఉప్పు డబ్బా మూత తీసి పెడితే ఏమవుతుందో ప్రతి ఇంట్లో తెలుసు. మన ఊళ్ళో తేమ ఆ గీత దాటని రోజులు తక్కువే. సముద్రపు ఉప్పు ఇంకా మొండిది. అందులో మెగ్నీషియం క్లోరైడ్ కూడా ఉంటుంది, దానికి 33 శాతం తేమ చాలు. అంటే అలల మీంచి గాలితో వచ్చి తీగ మీద వాలిన తుంపర ఎండినట్టు కనిపిస్తుందే గానీ నిజంగా ఎండదు. ఫ్యాన్ పెట్టినా అంతే. ఆర్కే బీచ్‌లో ఒడ్డున నిలబెట్టిన కురుసుర జలాంతర్గామిని చూడండి. సముద్రంలో తిరగడానికే కట్టిన ఉక్కు, ఒడ్డుకి ఎక్కించాక దానికి కూడా రంగులూ రిపేర్లూ తప్పడం లేదు. మా అపార్ట్‌మెంట్‌లో కిటికీ గ్రిల్స్‌కి రెడ్ ఆక్సైడ్ కొట్టడం పండక్కి సున్నం వేయడం లాంటిదే. నా తీగలకి ఆ భాగ్యం కూడా లేదు.

దీన్ని నాకు అర్థమయ్యేలా చెప్పింది మా నాన్న. షిప్‌యార్డులో ముప్పై ఏళ్ళు పెయింటింగ్ సెక్షన్లో చేసి రిటైరయ్యారు. సంగీతంతో ఆయనకి సంబంధం లేదు, బేస్ గిటార్‌ని ఇప్పటికీ "ఆ నాలుగు తీగలది" అనే అంటారు. నారింజ రంగు తీగని కళ్ళద్దాలు పెట్టుకుని చూసి, "ఉప్పు కడిగేవా?" అన్నారు.

"వెనిగర్‌లో ఉడకబెట్టాను నాన్నా."

"అది తుప్పు తీయడం. ఉప్పు కడిగేవా అంటన్నాను. ఓడ రేవులోకొచ్చాక మొదటి పని మంచినీళ్ళు కొట్టడం. ఆ తర్వాతే చిప్పింగు, అదే తుప్పు గీకడం, రంగు, ఏదైనా. ఉప్పు మీద రంగేస్తే ఆర్నెల్లకి బుడగలొచ్చేస్తాయి. కంటికి అవుపడకపోయినా అది అక్కడే ఉంటాది."

నేను ఎక్కడ తప్పానో అప్పుడు తెలిసింది. మా బోరు నీళ్ళు నోట్లో పోసుకుంటేనే ఉప్పగా తగులుతాయి. అంటే ఉప్పునీళ్ళలో ఉడకబెట్టి, వెనిగర్‌తో ఉన్న కాస్త పూతా కొరికించి, బయటపడ్డ పచ్చి ఉక్కుని జూలై గాలికి అప్పగించాను. నారింజ రంగు రాకపోతే ఆశ్చర్యపోవాలి.

ఇప్పుడు స్పిరిట్ సంగతి. ఈ వైద్యాన్ని మెచ్చుకునేవాళ్ళు చాలామంది, నేనూ మెచ్చుకుంటాను. కానీ దానికి చేతకానిది ఒకటుంది. స్పిరిట్‌కి జిడ్డు లొంగుతుంది, ఉప్పు లొంగదు. నమ్మకపోతే చిన్న గాజు గ్లాసులో ఆ స్పిరిట్, అంటే ఐసోప్రొపైల్ ఆల్కహాల్, పోసి చిటికెడు ఉప్పు వేసి తిప్పండి. గంటసేపు తిప్పినా అడుగున ఇసుకలా అలాగే ఉంటుంది. 100 మిల్లీలీటర్ల నీళ్ళలో 36 గ్రాముల దాకా ఉప్పు కరుగుతుంది. అంతే స్వచ్ఛమైన ఆల్కహాల్‌లో పదో వంతు గ్రాము కూడా కరగదు. సముద్రానికి వెయ్యి మైళ్ళ దూరంలో ఉన్నవాడికి ఈ తేడాతో పనిలేదు. వాడి తీగ మీద ఉన్నది ఎక్కువగా జిడ్డే, ఉప్పంటే వాడి చెమటలో ఉన్నంతే. లాసన్స్ బే కాలనీలోనో పెదవాల్తేరులోనో ఉండి తీగని స్పిరిట్‌లో నానబెడితే జిడ్డంతా పోయి, ఉప్పు మాత్రం చుట్ల మధ్య భద్రంగా మిగులుతుంది. ఇంతకుముందు కాస్త అడ్డుగా ఉన్న జిడ్డు పొర కూడా ఇప్పుడు లేదు. మన చేత్తో మనమే తలుపు తీసి పెట్టినట్టు.

అందుకే నా వరుస: ముందు నీళ్ళు, తర్వాతే స్పిరిట్. (మా డ్రమ్మర్ ఈ వరుస తప్పంటాడు. వాడు మాట్లాడేది వేరే విషయం గురించి.)

నీళ్ళంటే కుళాయి నీళ్ళు కాదు, బోరు నీళ్ళు అసలే కాదు. ఇన్వర్టర్ బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్. ఏ బ్యాటరీ షాపులో అయినా అయిదు లీటర్ల డబ్బా దొరుకుతుంది. గోరువెచ్చగా చేసి, తీగల చుట్టల్ని అందులో పది నిమిషాలు ఆడించి, నీళ్ళు పారబోసి మళ్ళీ కొత్త నీళ్ళు పోయాలి. మూడుసార్లు. మరిగించాల్సిన పని లేదు, ఉప్పు కరగడానికి మంట అక్కర్లేదు. మూడోసారి నీళ్ళలోంచి తీసి గట్టిగా విదిలించి, తుడిచి, ఆలస్యం చేయకుండా స్పిరిట్‌లోకి. ఇక్కడ స్పిరిట్ రెండు పనులు చేస్తుంది. జిడ్డు తీస్తుంది, చుట్ల లోపల దాక్కున్న నీళ్ళని తనలో కలుపుకుని, తర్వాత ఆరేటప్పుడు వెంట తీసుకుపోతుంది. ఫ్యాన్ గాలికి రాత్రంతా ఆరనిది దీనితో ఆరుతుంది.

స్పిరిట్ అంటే సెల్‌ఫోన్ రిపేర్ చేసేవాళ్ళు బోర్డులు తుడవడానికి వాడే ఐసోప్రొపైల్ ఆల్కహాల్. జగదాంబ దగ్గర విడిభాగాలు అమ్మే షాపుల్లో అడిగితే ఇస్తారు. ఫర్నిచర్ పాలిష్‌వాళ్ళు లక్క కలుపుకునే స్పిరిట్ కూడా పనిచేస్తుంది, కానీ అందులో మిథనాల్ ఉంటుంది, ఆ ఆవిరి మంచిది కాదు. ఏది వాడినా బాల్కనీలో, మూత పెట్టి, పొయ్యికీ దేవుడి దీపానికీ దూరంగా. దీన్ని వేడి చేద్దామన్న ఆలోచన మాత్రం కలలో కూడా రానివ్వకండి.

పాత్ర సంగతి ఒక గొడవ. వెడల్పు మూతి ఉండాలి, మూత ఉండాలి, ప్లాస్టిక్ కాకుండా ఉంటే మంచిది. ఇంట్లో అలాంటిది ఒక్కటే, ఆవకాయ జాడీ. అమ్మ ఇవ్వనంది. ఇచ్చినా పనికిరాదని తర్వాత తట్టింది. ఇరవై ఏళ్ళుగా ఉప్పు పీల్చిన పాత్ర మన ఇళ్ళలో అంతకు మించి ఇంకోటి ఉండదు. చివరికి పెద్ద గాజు సీసా కొనుక్కున్నాను. ఒక రోజంతా నానాక స్పిరిట్ బూడిదరంగుకి తిరుగుతుంది. పాత బనియను గుడ్డతో ఒక కొస నుంచి ఇంకో కొసకి లాగి తుడిచి, వాసన పూర్తిగా పోయేదాకా గాలికి వదిలి, ఆ తర్వాతే హెయిర్ డ్రయ్యర్. వాసన ఉండగా డ్రయ్యర్ పెట్టడమంటే నిప్పుతో ఆడుకోవడమే. కొసన చుట్టిన రంగు దారం కాస్త రంగు వదులుతుంది, కంగారు పడక్కర్లేదు. విప్పేటప్పుడు మాత్రం కొసలు కత్తిరించకండి. శ్రుతి బిగించే కీ చుట్టూ వంగిన వంపు మళ్ళీ అదే వంపులో కూర్చోవాలి. తిరగేసి వంచితే విరిగేది అక్కడే.

వెనిగర్ దెబ్బ తర్వాత కొత్త సెట్టు వేసి మూడు నెలలు వాయించాను. మూగబోయాయి గానీ తుప్పు లేదు. అప్పుడు రెండు లావు తీగల్ని నా వరుసలో కడిగి, రెండు సన్నవాటిని స్పిరిట్‌లో మాత్రమే పెట్టాను. బిగించిన రోజు నాలుగూ ఒకేలా మోగాయి, కొత్తదనంలో ముప్పాతిక వంతు వచ్చినట్టే. రెండు వారాలకి మూడో తీగ మీద, తీగలు ఆనే కింది కొసన ఉండే బ్రిడ్జి దగ్గర ఆవగింజంత గోధుమ చుక్కలు కనిపించాయి. లావు తీగల మీద లేవు. నాలుగు తీగలతో చేసినదాన్ని శాస్త్రం అనను, పైగా నా చేయి ఎక్కువగా ఏ తీగ మీద ఉంటుందో దాని లెక్క వేరు. కానీ నాన్న మాటా, గ్లాసు అడుగున కరగని ఉప్పూ, ఈ చుక్కలూ మూడూ ఒకే వైపు చూపిస్తుంటే నాకు చాలు.

అసలు కడగడమే దండగనేవాళ్ళు ఉన్నారు. వాళ్ళకి దేవుడు జేమ్స్ జేమర్సన్. మోటౌన్ అనే అమెరికన్ రికార్డు కంపెనీ పాటల్లో బేస్ వాయించిన మహానుభావుడు, తీగ తెగితే తప్ప మార్చేవాడు కాదని చెప్పుకుంటారు. ఆ పాత తీగల బొంగురు నాదమే ఆయన సంతకం. నిజమే. కానీ ఆయన వాడినవి ఫ్లాట్‌వౌండ్ తీగలు. పైచుట్టు రిబ్బన్‌లా బల్లపరుపుగా ఉంటుంది, మురికి చేరడానికి సందులు తక్కువ. ఆయన వాయించిన డెట్రాయిట్‌కి సముద్రం లేదు, ఉన్నవి మంచినీటి సరస్సులు. ఆ మనిషిని తెచ్చి రుషికొండలో కూర్చోబెడితే ఏమనేవాడో. ఇంకో పక్క ది హూ బ్యాండ్‌లో బేస్ వాయించిన జాన్ ఎంట్‌విసిల్ ఉన్నాడు. 1966లో తీగలు చేసే రోటోసౌండ్ కంపెనీ వాళ్ళతో కూర్చుని, పియానోలా మోగే రౌండ్‌వౌండ్ (గుండ్రటి చుట్టు) తీగలు తయారు చేయించుకున్నాడు. ఆయనకి కావలసింది ఆ కొత్త ఖంగుమనడమే. ఏ నాదం గొప్పదన్న తగువు నాకొద్దు. బొంగురు నాదం కావాలంటే ఫ్లాట్‌వౌండ్ వేసుకోండి. తుప్పు పట్టించి తెచ్చుకునేది బొంగురు కాదు, రోగం.

నూనె రాయమనేవాళ్ళు కూడా తగిలారు, వీణ వాళ్ళు రాసుకోవడం లేదా అని. వీణ వాయించేవాళ్ళు ఎడమచేతి వేళ్ళకి కొబ్బరినూనె రాసుకునే మాట నిజమే. అది వేలు జారడానికి, అదీ నున్నటి ఒంటి తీగ మీద. సందులున్న చుట్టు తీగకి నూనె పట్టిస్తే దుమ్ముకి జిగురు రాసినట్టే. ఇక గరుకు కాగితం, స్టీలు పీచు అసలు దగ్గరికి రానివ్వకండి. ఉన్న నికెల్ పూత గీసుకుపోతుంది. పీచు నుంచి రాలిన రజను వెళ్ళి తీగల కింద నాదాన్ని పట్టే పికప్ అయస్కాంతాలకి అతుక్కుంటే అక్కడినుంచి ఊడదీయడం ఒక రోజు పని.

కడగాలా పారేయాలా తేల్చుకోవడానికి తెల్ల గుడ్డ ఒక్కటి చాలు. తీగని గుడ్డతో రెండు వేళ్ళ మధ్య పట్టి పొడుగునా లాగండి. నలుపు అంటితే మురికి, కడగండి. గోధుమరంగు అంటి, గోటితో రాస్తే గరగరలాడితే, అక్కడ లోహం పోయింది. పోయిన లోహాన్ని ఏ స్పిరిట్టూ తెచ్చివ్వదు. అలాంటి తీగని దాచుకోవడం పొదుపు కూడా కాదు. ఫ్రెట్లు మామూలుగా రాగి, జింకు, నికెల్ కలిసిన మెత్తటి లోహంతో చేస్తారు. తుప్పు తీగ వాటి మీద ఆకురాయిలా పనిచేస్తుంది. ఫ్రెట్లు మార్పించడానికి అయ్యే ఖర్చుతో కొన్ని సెట్ల తీగలొస్తాయి.

ఇప్పుడు బ్యాగులో తెల్ల గుడ్డ ఒకటి, సిలికా జెల్ పొట్లాలు నాలుగు ఉంటున్నాయి. బీచ్‌లో వాయించిన రాత్రి ఇంటికొచ్చి ఎంత నిద్రొచ్చినా, గుడ్డని డిస్టిల్డ్ వాటర్‌తో కాస్త తడిపి ఒకసారి, పొడిగా ఒకసారి తుడిచి, గిటార్‌ని రాత్రికి బ్యాగు బయటే ఉంచుతున్నాను. మొక్కజొన్న పొత్తు మానలేదు. ప్రోగ్రాం అయ్యాక తింటున్నాను.

పాడైన సెట్టులో మూడు తీగలు పాత సామాన్లవాడికి పోయాయి. లావు తీగ మాత్రం కనపడలేదు. మొన్న వంటింటి సింకు పూడుకుపోతే అమ్మ దాన్ని ఎక్కడినుంచో తీసింది. గొట్టంలోకి దింపి నాలుగు తిప్పులు తిప్పింది. నీళ్ళు గరగరమని దిగిపోయాయి. "దీనికి మంచిదేరా ఇది" అని కడిగి, గ్రిల్‌కి తగిలించి పెట్టుకుంది.